ఒక మెట్టు కింద

నాకు జి అంటే ఏమిటో తెలియదన్న సంగతి బయటపడింది ఒక ఆదివారం పొద్దున. అప్పటికి నేను బేస్ గిటార్ వాయించడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు.

టైర్ల కొట్టు మీది గదిలో ప్రతి ఆదివారం మా బృందం సాధన చేస్తుంది. బృందమంటే నలుగురం. కీబోర్డు వాయించే మాస్టారు, ఆయనే నాయకుడు. కింద కొట్లో టైర్లు బిగించే డ్రమ్ములాయన. పాడే పెద్దాయన. నేను. మిగతా ఆరు రోజులూ నేను లిఫ్టులు బాగుచేస్తాను. పెద్దాయనది నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఆ గొంతుకి అందాలని మొదట్లోనే నా తీగలు కాస్త వదులు చేసుకున్నాను, మాస్టారు తన కీబోర్డు మీద ఏదో మీట నొక్కుకున్నారు. ఆ సంగతి ఆ వారమే మరిచిపోయాం. ఆ తర్వాత ఎవరికీ ఏ లోటూ రాలేదు.

పెద్దాయన మానేశారు. గొంతు బాగానే ఉంది, మోకాళ్ళు పోయాయి. మా గది మేడమీద. లిఫ్టు లేదు, నేనుండి కూడా.

ఆయన చోట్లోకి ఒకావిడ వచ్చింది. బడిలో సంగీతం చెబుతుంది కాబట్టి అందరం టీచరుగారూ అనే పిలిచాం. వచ్చిన రోజునే పాటల జాబితా చూసి, నా వైపు తిరిగి, "ఇది ఏ శ్రుతిలో వాయిస్తారండీ?" అని అడిగింది.

"మొదటి చుక్క," అన్నాను. "లావు తీగ."

ఆవిడ డ్రమ్ములాయన వంక చూసింది. డ్రమ్ములాయన తన పుల్లల వంక చూసుకున్నాడు.

"చుక్క కాదండీ, స్వరం పేరు. జి నా, ఎ నా?"

"ఆ రెంటిలో ఏదో ఒకటి," అన్నాను.

నా పద్ధతి చెప్పాలి. బేస్ గిటార్ మెడ మీద మెట్లుంటాయి, అక్కడక్కడ తెల్ల చుక్కలుంటాయి. ఏ పాట ఏ చుక్క దగ్గర మొదలవుతుందో, అక్కణ్ణించి ఎన్ని మెట్లు ఎటు పోవాలో నా వేళ్ళకి తెలుసు. అలా రెండువందల పాటలు వచ్చు. వాటి పేర్లేమిటో, అవి అక్కడే ఎందుకుండాలో నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఎవరి పని వాళ్ళు చూసుకున్నాం.

"నా గొంతు రోజుకో రకంగా ఉంటుందండీ," అంది టీచరుగారు మర్యాదగానే. "స్టేజి మీదే ఎ అంటాను. అందరూ ఎ లోకి మారాలి."

మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "మూడు నెలల్లో ఒక కంపెనీ వాళ్ళ వార్షికోత్సవంలో మన కచేరీ ఉంది," అన్నారు నాతో. "ఈలోగా టీచరుగారి బళ్ళో పరీక్షలు, ఈ గదికి సున్నాలు. సాధన ఎలాగూ కుదరదు. ఇంట్లో కూచుని థియరీ నేర్చుకో. వస్తే సరే." ఆపైన ఎడమ చెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూపించారు. "రాకపోతే ఇది ఖాళీగానే ఉంది."

కీబోర్డులో ఎడమ వైపు నొక్కితే బేస్ మోత వస్తుంది. నేను చేసే పని ఆయన ఎడమ చెయ్యి చేయగలదు, పైగా దానికి కుర్చీ వెయ్యక్కర్లేదు. నాకు భయం వేసింది. లిఫ్టు మెకానిక్కు పనేమీ తక్కువది కాదు గానీ, అది ఆరు రోజులకి సరిపోయే పని. ఏడో రోజుకి నాకున్నది ఆ గదొక్కటే.

పాత పుస్తకాల కొట్లో ఒక లావాటి పుస్తకం దొరికింది. మొదటి పేజీ నిండా తీగలకి శ్రుతి సరిచూసుకోవడం ఎలాగో బొమ్మలతో సహా రాశాడు. ఇరవై రెండేళ్ళుగా వాయిస్తున్నవాడికా ఈ పాఠం అని అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పేజీ తిప్పేశాను. రెండో పేజీలో ఉత్సాహం నిలుపుకోవడం గురించి ఉంది. ఇది నాకు కావలసిందే. రోజూ ఒకే వేళకి కూర్చోమన్నాడు, కూర్చున్న రోజున క్యాలెండరు మీద గీత పెట్టుకోమన్నాడు, వారం నిండితే మనకి మనమే ఒక బహుమతి ఇచ్చుకోమన్నాడు. నేను సాయంత్రం ఆరు గంటలు ఖాయం చేశాను. బహుమతిగా ఒక పెద్ద చాక్లెట్టు కొని అలమారలో పెట్టాను. మొదటి వారం నిండేసరికి చాక్లెట్టు లేదు. దాన్ని మంగళవారమే తినేశాను, ఎవరూ బలవంతపెట్టకుండానే.

మా ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. గోడ మీద అక్షరాలు చూపించి, ఇది కనబడుతోందా, ఇది బాగుందా, అది బాగుందా అని రోజంతా అడగడం ఆవిడ పని. నాకోసం అట్టముక్కల మీద స్వరాల పేర్లు పెద్దక్షరాలతో రాసింది. సాయంత్రాలు ఒక్కొక్కటే పైకెత్తేది, ఆ స్వరం ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపాలి.

"ఇది?"

నేను వేలు పెట్టేవాణ్ణి.

"తొందరపడకండి. ఇంకోసారి చూసి చెప్పండి. ఇదా, అదా?"

గిటార్ని జన్మలో ముట్టుకోని మనిషి, మూడో వారానికల్లా పుస్తకం చూడకుండా స్వరాలన్నీ అప్పజెప్పేస్తోంది. ఏ స్వరానికి ఏ స్వరం ఎన్ని మెట్ల దూరమో కూర తరుగుతూ చెప్పేది. నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. చుక్కలు ఎక్కడున్నాయో తెలిసినవాడికి వాటికి పేర్లు పెట్టమంటే, సొంత వేళ్ళకి పేర్లు పెట్టుకుని హాజరు పిలిచినట్టుంటుంది.

మా ఇంట్లో మూడో మనిషి మా అత్తగారు. ఆరేళ్ళ కిందట ఆవిడకి చెవులు పోయాయి. మాటలు పెదాలు చూసి గ్రహిస్తుంది. తలుపు గంట, టీవీ, పక్కింటి తగాదా ఏవీ చేరవు. చేరేది ఒక్కటే. నేను వాయించే వేళకి వచ్చి, స్పీకరు పెట్టె ముందు కుర్చీలో కూర్చుని, చెప్పు విడిచి, కుడికాలు పెట్టె మీద ఆనిస్తుంది. పాటలు ఆవిడకి కాలిలోంచి వినబడతాయి. ఏ పాటో కూడా చెప్పేస్తుంది. ఈ చదువు మొదలయ్యాక రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజున, "ఇదేం పాట అల్లుడుగారూ, మెట్లెక్కి దిగడం తప్ప ఏమీ లేదు?" అంది.

"పాట కాదండీ, పాఠం," అన్నాను పెదాలు బాగా కదిలిస్తూ.

"అయితే సరే," అని కాలు తియ్యలేదు.

అయిదో వారానికి నాకు విసుగెత్తింది. పుస్తకంలో ఏవో వలయాలొచ్చాయి. స్వరాలు వరసగా అయిదేసి దూరం పోయి మళ్ళీ మొదటికే వస్తాయట. మొదటికే వచ్చేదానికి వెళ్ళడం ఎందుకన్నది నాకు మింగుడుపడలేదు. క్యాలెండరు మీద మాత్రం గీతలు మానలేదు. వాయించకుండానే పెన్సిలుతో గీతలు పెట్టాను, ఒకరోజైతే మర్నాటిది కూడా ముందే పెట్టేశాను. నాలుగు రోజులు గిటార్ సంచిలోంచి తియ్యలేదు. మాస్టారి ఎడమ చెయ్యి ఎంత బాగా వాయిస్తుందో అని నాకు నేనే నచ్చజెప్పుకోవడం మొదలెట్టాను.

అయిదో రోజు సాయంత్రం ఆరింటికి అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంది. చెప్పు విడిచి కాలు పెట్టె మీద పెట్టింది. నేను సోఫాలో పేపరు చదువుతున్నాను. పావుగంట గడిచింది. ఆవిడ కూర్చునే ఉంది.

"పెట్టె పాడైందా అల్లుడుగారూ?"

"లేదండీ."

ఆవిడ కాలు తీసి, అరికాలు చేత్తో రుద్దుకుని, మళ్ళీ పెట్టింది. "మరి నా కాలికేమైనా అయిందా? నాలుగు రోజులుగా ఏమీ తెలియడం లేదు."

నేను పేపరు మడిచి గిటార్ తీశాను. సిగ్గేసింది. ఆ రోజు వలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మర్నాడు చూస్తే క్యాలెండరు మీద నా పెన్సిలు గీతల కింద ఎర్ర గీతలున్నాయి. నేను నిజంగా వాయించిన రోజుల కిందే ఉన్నాయి. ఎవరు పెట్టారని నేను అడగలేదు, అత్తగారు చెప్పలేదు. నా పెన్సిలు అలమారలో పడేశాను.

అక్కణ్ణించి చదువు దారిలో పడింది. పదకొండో వారానికి మా ఆవిడ ఏ అట్టముక్క ఎత్తినా, దించేలోపు వేలు పెట్టేస్తున్నాను. ఏ స్వరం మీద ఏవేవి కలిస్తే ఏ తీగకట్టు, అదే కార్డ్, అవుతుందో వచ్చింది. వలయం మొదటికే ఎందుకొస్తుందో కూడా ఒకరోజు లిఫ్టు గోతిలో కూర్చుని ఉండగా తెలిసిపోయింది, ఒక్కణ్ణే పెద్దగా నవ్వాను. పైనున్న వాచ్‌మన్ కంగారుపడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు తల తిరిగింది. మోటారు గదుల్లో నిలబడి, ఈ మోటారు ఫలానా స్వరంలో మోగుతోందని సాటి మెకానిక్కులకి చెప్పేవాణ్ణి. వాళ్ళు గ్రీజు అడిగేవాళ్ళు.

వార్షికోత్సవానికి రెండు వారాల ముందు గది తెరిచారు. గోడలు తెల్లగా ఉన్నాయి. మాస్టారు పాత కీబోర్డు తీసేసి కొత్తది తెచ్చారు. టీచరుగారు, "జి," అంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నాకా మాట అర్థమైంది. గుండె నిండిపోయింది. లావు తీగ మీద మూడో మెట్టు, జి, బలంగా మీటాను.

గదిలో ఎవరో ఇనప బల్ల ఈడ్చినట్టయింది.

టీచరుగారు చెయ్యి ఎత్తింది. మళ్ళీ మొదలెట్టాం. మళ్ళీ అదే ఈడ్పు. ఎ అంది, సి అంది, డి అంది. మాస్టారు ఒక్కటొక్కటే నొక్కారు, నేను ఒక్కటొక్కటే మీటాను. నాది ప్రతిసారీ కాస్త కిందుగా, ఏడుపుగొట్టుగా పలికింది. పూర్వమైతే చెవితో విని, నోరు మూసుకుని ఒక మెట్టు పక్కకి జరిగేవాణ్ణి. ఇప్పుడు నాకు శాస్త్రం వచ్చు. జరగలేదు.

"నాది జి నే," అన్నాను. "పుస్తకంలో ఉంది."

"నాది కొత్త కీబోర్డు. నిన్ననే పెట్టె విప్పాను," అన్నారు మాస్టారు. "నేను తప్పా, నువ్వు తప్పా?"

"తీగకట్టులో మూడు స్వరాలుంటాయి మాస్టారూ. మొదటిదీ, మూడోదీ, అయిదోదీ. కావాలంటే అప్పజెబుతాను."

"అప్పజెప్పక్కర్లేదు నాయనా. వాయించు చాలు." ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ నొప్పిగా తగిలింది. "మూడు నెలలు కష్టపడ్డావని తెలుస్తోంది. కొందరికి అది పట్టుబడదు. ఈసారికి వదిలెయ్." పాట మళ్ళీ ఎత్తుకున్నారు. ఆయన ఎడమ చెయ్యి ఎడమ వైపుకి వెళ్ళింది. బేస్ పలికింది. చక్కగా, ఎక్కడా తేడా లేకుండా పలికింది. నేను గిటార్ సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను. డ్రమ్ములాయన ఒక్కడే తల వంచుకున్నాడు.

ఇంట్లో మా ఆవిడకి చెబితే, "మనం అట్టముక్కలు సరిగానే రాశామే!" అంది. నాకు ఏడుపొచ్చింది. ఏమీ తెలియనివాడు తప్పు వాయిస్తే తెలియకపోవడం అనుకోవచ్చు. అన్నీ నేర్చుకుని అన్నీ తప్పు వాయించడమంటే, ఇక నేర్చుకోవడానికి ఏం మిగిలింది? సోమ, మంగళ వారాలు గిటార్ ముట్టలేదు. ఆరింటికి అత్తగారు రావడం, పావుగంట కూర్చుని వెళ్ళడం జరిగాయి. క్యాలెండరు మీద ఎర్ర గీత పడలేదు.

బుధవారం ఒక ఏడంతస్తుల ఆఫీసు భవనానికి పిలుపు వచ్చింది. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ నేల కంటే రెండంగుళాలు పైన ఆగుతోంది, ఎక్కేవాళ్ళు తట్టుకుని పడుతున్నారు. మాకంటే ముందు ఎవరో కుర్ర మెకానిక్కు వచ్చి రెండు రోజులు లిఫ్టు ఎక్కడ ఆగాలో చెప్పే గోడలోని అయస్కాంతాలు అంతస్తు అంతస్తుకీ జరుపుతూ పోయాడట. నాలుగో అంతస్తుకి వచ్చేసరికి విసుగెత్తి, వాటిని మళ్ళీ మొదటి చోటికే జరిపేసి వెళ్ళిపోయాడట.

మేనేజరు నన్ను నిలేశాడు. "ఏడు అంతస్తుల్లోనూ ఒకేసారి ఎలా చెడుతుందండీ?"

"చెడదు," అన్నాను. "ప్రతి అంతస్తులోనూ ఒకే తేడా ఉంటే అంతస్తులన్నీ బాగున్నట్టే. తప్పు లిఫ్టు పెట్టె మీద ఒక్కచోట ఉంటుంది. పైన సెన్సరు పట్టీ రెండంగుళాలు జారి..."

అక్కడ ఆగిపోయాను.

"జారి?" అన్నాడు మేనేజరు.

జి అంటే ఒక మెట్టు కింద. ఎ అంటే ఒక మెట్టు కింద. సి, డి, అన్నీ ఒకే ఒక్క మెట్టు కింద. నేను అంతస్తులన్నీ సరిగ్గా నేర్చుకున్నాను. జారినవి నా తీగలే. పెద్దాయన గొంతు కోసం ఇరవై రెండేళ్ళ కిందట నా చేతులతో నేనే జార్చాను. మాస్టారి పాత కీబోర్డుని కూడా ఒక మెట్టు దించిన మీట కొత్త కీబోర్డు మీద నొక్కలేదు, అంతే.

"జారి కూర్చుంది," అన్నాను. పైకెక్కి పట్టీ జరిపి రెండు బోల్టులు బిగించాను. ఏడు అంతస్తులూ సమానంగా ఆగాయి. బేస్ గిటారూ అంతే, నాలుగు బిరడాలు కాస్త బిగిస్తే సరి.

సాయంత్రం పుస్తకం తీసి మొదటి పేజీ చదివాను. మా ఆవిడ ఫోనులో శ్రుతి చూపించే యాప్ పెట్టి, నాలుగు తీగలూ ఉండవలసిన చోటికి బిగించాను. అట్టముక్కలన్నీ నిజమయ్యాయి. ఆరయింది. అత్తగారు వచ్చి కాలు పెట్టింది. నేను ఆవిడకి బాగా ఇష్టమైన పాట అందుకున్నాను. నాలుగు మీటులయ్యాయో లేదో ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది.

"ఎవరు వాయిస్తున్నారు?"

"నేనేనండీ."

"కాదు," అంది. గది నాలుగు మూలలా చూసింది, నిజంగానే ఎవరైనా ఉన్నారేమోనని. "మీది ఇంకా కిందనుంచి వస్తుంది. ఇది ఎవరిదో." లేచి చెప్పు తొడుక్కుంది. లోకంలోంచి ఆవిడకి చేరే ఒకే ఒక్క చప్పుడు నేను. దాన్ని సరిచేశాను.

"కూర్చోండి అత్తయ్యగారూ," అన్నాను. నాలుగు తీగలూ మళ్ళీ వదులు చేశాను. మళ్ళీ అందుకున్నాను. ఆవిడ కాలు పెట్టె మీదికి వచ్చింది.

"వచ్చారా," అంది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. "మరి ఆదివారం ఎలా?"

"అన్నీ ఒక మెట్టు పైనుంచి వాయిస్తాను."

"నాలుగు బిరడాలు తిప్పితే పోయేదానికి రెండువందల పాటలూ మారుస్తారా! మీకేమైనా మతిపోయిందా?" అని, నేను జవాబు చెప్పేలోపే అట్టముక్కలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "జి," అంది.

జి ఇప్పుడు నాలుగో మెట్టు. అక్కడ చుక్క లేదు. జీవితమంతా చుక్కలు చూసి నడిచినవాణ్ణి, చుక్కల్లేని చోట్ల వేళ్ళు పెట్టడం మొదలుపెట్టాను. మూడు నెలల కిందటైతే ఇది నా వల్ల అయ్యేది కాదు. ఇప్పుడు ఏది ఎక్కడికి జరగాలో, ఎందుకు జరగాలో తెలుసు. ఆదివారం దాకా ఆ నాలుగు రోజులూ నన్ను ఎవరూ ఉత్సాహపరచలేదు, చాక్లెట్టు ఊసే లేదు. సంచిలోంచి తీసిన గిటార్ భోజనానికి కూడా దించలేదు.

ఆదివారం పిలవకుండానే వెళ్ళాను. మాస్టారు నొసలు చిట్లించారు. టీచరుగారు నా మొహం, సంచీ చూసి, "జి," అంది. వాయించాను. "ఎ," అంది పాట మధ్యలోనే. మారాను. "సి," అంది. మారాను. ఆవిడ నవ్వుతూ పాడడం మొదలెట్టింది, ఇంకో రెండుసార్లు కావాలనే మార్చింది. ఆ రెండోసారికి మాస్టారి ఎడమ చెయ్యి కీబోర్డు మీదనుంచి లేచి, జేబురుమాలు తీసి, మెడ తుడుచుకుని, ఒళ్ళో పడుకుంది. పాట అయ్యేదాకా అక్కడే ఉంది.

తర్వాత జరిగింది చెబితే మాస్టారు పాత మీట సంగతి తనకి గుర్తు లేదన్నారు. టీచరుగారు నా వేళ్ళ వంక చూస్తూ, "అన్నీ పక్క మెట్టులో వాయిస్తున్నారు. తీగలు బిగించుకోవచ్చుగా? రెండు నిమిషాల పని," అంది.

"మా అత్తగారు ఒప్పుకోరండీ," అన్నాను.

వార్షికోత్సవం మధ్యాహ్నం పూట జరిగింది. మా ఆవిడ వాళ్ళమ్మని తీసుకొచ్చి ముందు వరసలో నా వైపు కూర్చోబెట్టింది. అత్తగారు చెప్పు విడిచి, కాలు స్టేజి చెక్క మీద ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. హాలు నిండా జనం భోజనాల గురించి మాట్లాడుకుంటున్నారు. బేస్ వినడానికి వచ్చిన మనిషి ఒక్కరే. టీచరుగారు నాలుగు పాటల్లో మూడుసార్లు శ్రుతి మార్చింది. మాస్టారు తన కుడిచేత్తోనే సరిపెట్టుకున్నారు. చివర్లో నా దగ్గరికొచ్చి, "ఎక్కడా తప్పు పోలేదు," అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. టీచరుగారూ ఆ మాటే అంది.

మర్నాడు పొద్దున క్యాలెండరు చూశాను. వార్షికోత్సవం తేదీ కింద ఎర్ర గీత ఉంది. మిగతా వాటికంటే పొడుగ్గా ఉంది. కాకపోతే మధ్యలో గోరంత ఖాళీ వదిలి మళ్ళీ గీసినట్టుంది.

"ఈ ఖాళీ ఏమిటి అత్తయ్యగారూ?" అని వేలు పెట్టి చూపించాను.

"మూడో పాటలో ఒకచోట పాత మెట్టుకి వెళ్ళొచ్చారుగా," అంది ఆవిడ, కాఫీ చల్లార్చుకుంటూ.

నిజమే. అలవాటుకొద్దీ ఒక్క మీటు చుక్క మీద పడింది. ఆరింటికి మూడో పాట తీశాను.